తొమ్మిదో కాలు

బటన్ నొక్కుతాను. ఫ్యాను తిరుగుతుంది.
నీలం తెర, నా పేరు, పాస్‌వర్డ్,
వెనకాల నేనే తీసిన కొల్లేరు కొంగల ఫొటో.
సరిగ్గా రెండు నిమిషాలు.
తరవాత బాణం గుర్తు ఎక్కడున్నది అక్కడే.
కుడి మూల గడియారం ఏడూ పద్నాలుగు.
గోడ మీద ఏడున్నర దాటినా
దానికి ఏడూ పద్నాలుగే.

చచ్చిపోలేదు, అదే విడ్డూరం.
ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది,
లోపల ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది,
పిలిస్తే మాత్రం పలకదు.

ముక్క ముక్క కూడబెట్టి కట్టుకున్నదిది.
ప్రాసెసర్ భీమవరంలో మీరావలి కొట్లో, మూడో చేతి సరుకు.
ర్యామ్ ముక్కలు రెండు, రెండు కంపెనీలవి,
పక్కపక్కనే ఉండి ఎడమొహం పెడమొహం.
డబ్బా, మూతపడ్డ స్కూలు వేలంలో.
మీద ఇంకా సుద్దతో రాసిన నంబరు: పదకొండు.

నా పని చెరువుల నీళ్లు చూడటం.
ఆకివీడు రోడ్డువార చిన్న గది,
సీసాల్లో వరసగా ఉప్పు, సున్నం, అమ్మోనియా లెక్కలు.
"మేడంగారూ, రొయ్య తేలిందండీ" అంటూ
తెల్లారకుండా తలుపు కొట్టినవాడికి
రోగమెక్కడుందో కాగితమ్మీద రాసిచ్చేదాన్ని.
నా బల్ల మీదిదానికి మాత్రం
నెల రోజులుగా ఏం రాయాలో తెలీలేదు.

లైన్‌మన్ ఏసుపాదం చూడకుండానే తేల్చేశాడు:
"ఆయ్, ఓల్టేజీ అండి. ఏడింటికి ఏరేటర్లన్నీ
ఒక్కసారి ఎత్తుకుంటాయి కదండీ."
నిజమే, ఆ వేళకి బల్బు పసుపు నీళ్లలా అవుతుంది.
స్టెబిలైజర్ పెట్టాను, రెండువేల మూడొందలు.
ఏరేటర్లు పడుకున్న పగలు పదకొండింటికి కూడా
రెండు నిమిషాలు. ఆగింది.

మీరావలి ఫోన్లో: "ర్యామ్ రుద్దమ్మా, రబ్బరుతో."
మా చెల్లి కూతురి రబ్బరు, స్ట్రాబెర్రీ వాసనది,
అడిగి తెచ్చి పసుపు పళ్లన్నీ తోమాను.
ఇటుది అటు పెట్టాను. ఒక్కటే పెట్టాను.
ఆగింది.
విండోస్ చెరిపి మళ్లీ ఎక్కించాను, మూడుసార్లు.
మూడోసారి ఎక్కుతూ ఎక్కుతూనే ఆగింది.
పేస్టు గీకి కొత్తది రాశాను, బఠాణీ గింజంత.
పవర్ సప్లయి విప్పితే లోపల ఎండిన బల్లి,
ఎన్నేళ్ల కిందటిదో, తోక వంకరగా.
దొరికావే అనుకున్నాను.
బల్లిని పారేశాను. ఆగింది.

"తూకానికి వేసేద్దాం మేడం,"
సీసాలు కడిగే ధనకోటి, తల ఎత్తకుండా.

శనివారం రాత్రి, వాన.
కోపమో విసుగో పరీక్షో చెప్పలేను,
అన్నీ ఊడదీసి బోర్డుని
ఖాళీ అట్టపెట్టె మీద పడుకోబెట్టాను.
స్క్రూ లేదు, గోడ లేదు, మూత లేదు.
స్క్రూడ్రైవర్ మొనతో రెండు పుల్లలు కలిపితే లేచింది.
రెండు నిమిషాలు.
పది.
వాన తగ్గింది, బోదెలో కప్పలు మొదలయ్యాయి.
గడియారం పదకొండూ నలభై,
నలభై ఒకటి, నలభై రెండు.
నేను కదలడం లేదు, అది కదులుతోంది.

అంటే జబ్బు దానిది కాదు, ఇంటిది.
టార్చి వేసి ఖాళీ డబ్బాలోకి చూశాను.
బోర్డుకి చిల్లులు ఎనిమిది.
కింద ఇత్తడి కాళ్లు తొమ్మిది.
బిగించింది నేనే, మొదటి రోజు హుషారులో,
చోటు కనపడిన చోటల్లా.
ఆ తొమ్మిదోది ఏ చిల్లుకీ అందక
బోర్డు వీపు కింద ఒంటరిగా నిలబడింది.
చల్లగా ఉన్నంతసేపు వెంట్రుకవాసి దూరం,
ఒళ్లు వేడెక్కి రవ్వంత వంగితే చాలు, గుచ్చుకుంటుంది.

చెరువు గట్టు మీద నేను మొదట అడిగే మాట
"కొత్తగా ఏం వేశావు?" అని.
నన్నెవరూ అడగలేదు.

వేళ్లతోనే ఊడొచ్చింది, శనగగింజంత.
ఏసుపాదం అరచేతిలో అటూ ఇటూ దొర్లించి
"అయినా ఓల్టేజీ కూడా ఉందండి" అన్నాడు.

అమ్మోనియా సీసా మూతలో పెట్టాను దాన్ని.
కంప్యూటర్ నడుస్తోంది, రిపోర్టులు వస్తున్నాయి.
పొద్దున్నే బటన్ నొక్కి
టీ గ్లాసు పట్టుకుని
రెండు నిమిషాలు మాత్రం
ఇంకా కూర్చోను.